మా అమ్మ అడిగిన సమాధానం

మా సంఘంలో చాడీ చెప్పాలంటే ముందు కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిచి పక్కింటామె మీద మాట అంటే అది పాపం. అదే మాట కళ్ళు మూసుకుని, గొంతు కాస్త వణికించి, మొదట 'ప్రభువా' అనీ చివర 'ఆమెన్' అనీ తగిలిస్తే అది ప్రార్థన. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. మావాళ్ళు కళ్ళు మూసుకుని మనుషుల పరువు తాగుతారు. నేను పుట్టి పెరిగిందీ, పాటలు నేర్చుకుందీ, బాప్తిస్మం తీసుకుందీ ఆ సంఘంలోనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఎవరికైనా కోపం వస్తే నా గురించి ప్రార్థన చేసుకోవచ్చు, ఎలాగూ చేస్తారు.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నల్లపాడులో ఒక గదిలో అద్దెకుంటాను. శనివారం సాయంత్రం బస్సెక్కి మా ఊరెళ్ళడం, ఆదివారం అమ్మతో మందిరానికెళ్ళడం నాకు అలవాటు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. పొలం లేదు. పత్తి తీతలకీ మిరపకోతలకీ ముఠాతో కలిసి వెళ్తుంది. 'ఇంకా ఎందుకే కూలికి, నా దగ్గరికొచ్చెయ్' అని నేనంటే, 'నీ దగ్గరికొచ్చి ఆ గదిలో గోడలతో మాట్లాడనా' అంటుంది.

మా సంఘంలో పిడికెడు బియ్యం అని ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్ళు ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన పెడతారు. వారానికోసారి ఆ బియ్యం తెచ్చి సంఘం డ్రమ్ములో పోస్తారు. అందులోంచి కొంత పాస్టరు గారింటికి, మిగతాది ఊళ్ళో వండిపెట్టే దిక్కులేని ముసలివాళ్ళకు పోతుంది. పాత మందిరం వానొస్తే కురిసేది. అందుకని ఆ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఏళ్ళ తరబడి మా వసారాలోనే ఉండేది. ముసలివాళ్ళకి పంచేదీ అమ్మే. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని బోధ కదా, అందుకని ఎవరు ఎంత పోశారో ఎవరూ చూడరు, ఎవరూ కొలవరు. పోసి, మా అరుగు మీద కూర్చుని, కష్టమో సుఖమో చెప్పుకుని, మంచినీళ్ళు తాగి వెళ్తారు. మా అమ్మకి అదొక వైభవం.

ఇక ఆవిడ సంగతి. ఆవిడ మా సంఘ పెద్ద భార్య. నేను అత్తా అని పిలిచేదాన్ని. అమ్మా ఆవిడా ఒకరినొకరు 'వదినా' అనుకుంటారు. రక్తసంబంధమేమీ లేదు. ఇద్దరికీ ఒకే రోజు, ఒకే కాలవలో బాప్తిస్మం ఇచ్చారట. మిరపకోతలకెళ్తే పక్కపక్క సాళ్ళు పట్టుకునేవాళ్ళు. మొగుడు సంఘ పెద్ద అయినా ఆవిడా కూలికొచ్చేది, పెద్దరికం కూడు పెట్టదు కదా. నాన్న పోయినప్పుడు అమ్మ రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి ఏడుస్తుంటే, ఆ ఏడుపు తగ్గేదాకా ఆవిడ తన ఇల్లు వదిలి మా ఇంట్లో అమ్మ పక్కన పడుకుంది. ఇది నేను కాదనను. కాదనలేకపోవడమే నా బాధ. ఎవరో దారినపోయే దానయ్య అన్న మాటైతే అమ్మ ఆ సాయంత్రానికే మర్చిపోయేది.

కిందటేడు పత్తి తీతలప్పుడు, శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనలో, ఆవిడ వంతు వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని మొదలుపెట్టిందట. "ప్రభువా, నీ సొత్తు మీద ఎవరి చెయ్యీ పడకుండా కాపాడు తండ్రీ. దిక్కులేనివాళ్ళ పిడికెడు బియ్యంలోంచి దోసెళ్ళు దోసెళ్ళు తీసుకుంటున్న చేతుల్ని కడుగు తండ్రీ. పేరు నీకు తెలుసు ప్రభువా." చుట్టూ ఉన్నవాళ్ళు 'స్తోత్రం, స్తోత్రం' అన్నారట. మా అమ్మ కూడా అందట, అలవాటు కొద్దీ, సగం అన్నాక గాని ఆ మాట తన మీదేనని తెలియలేదట.

పేరు నీకు తెలుసట! దేవుడికి మాత్రమే తెలిసిన ఆ పేరు పొద్దుగూకేసరికి ఊరంతటికీ తెలిసింది.

మర్నాడు కుళాయి దగ్గర అమ్మ ఆవిణ్ణి పట్టుకుంది. "వదినా, నన్నేనా నువ్వన్నది?" అని అడిగింది. ఆవిడ బిందె నెత్తిన పెట్టుకుంటూ, "నీ పేరెత్తానా వదినా? గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ యవ్వారం. నేను నా దేవుడితో చెప్పుకున్నా, నీకెందుకంట?" అనేసి వెళ్ళిపోయింది. అదీ తెలివి. దేవుడితో మాట్లాడుతుంటే మనం చాటుగా విన్నట్టు, తప్పు మనదైనట్టు!

ఆ వారం నుంచే ఆడవాళ్ళు బియ్యం సంచులు పట్టుకుని మా అరుగు దాటి తిన్నగా పెద్దగారింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. కొందరు మా ఇల్లు రాగానే చెప్పుల వైపు చూసుకుంటూ నడిచేవాళ్ళు. అమ్మ డ్రమ్ము కడిగి, ఆరబెట్టి, ఇద్దరు మనుషుల్ని పిలిచి ఆ ఇంటికి పంపించేసింది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల వచ్చింది, ప్రభువు పేరున అందరం రొట్టె పంచుకు తినే రోజు. రొట్టె పళ్ళెం వరసలో అందుకుంటూ అమ్మ దాకా వచ్చేసరికి, అమ్మ ముట్టుకోకుండా నాకందించింది. ఒకరికి నీ మీద మనసులో ఏదైనా ఉంటే ముందు వెళ్ళి సరిచేసుకుని రా, తర్వాతే అర్పణ, అని చిన్నప్పటినుంచీ విన్న మాట. ఆ మాట విన్న రెండొందలమందిలో దాన్ని నిజమనుకున్న పిచ్చిది మా అమ్మ ఒక్కతే. మిగతావాళ్ళు ఏమన్నారో తెలుసా? "చూశారా, దోషం లేకపోతే బల్ల ఎందుకు మానుతుంది? నిప్పులేందే పొగ రాదు."

"సెలవు పెట్టి వస్తా. నడివీధిలో నిలబెట్టి దులిపేస్తా. కొలతే లేని బియ్యంలో తగ్గిందని ఎలా తెలిసిందో అడుగుతా" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో. నువ్వు దులిపితే అది ఇంక జన్మలో నాతో మాట్లాడదు" అంది అమ్మ.

"మాట్లాడకపోతే ఏం? ఇంకా మాట్లాడాలా దానితో నువ్వు?"

"మాట్లాడాలే. నేను తియ్యలేదని ఊరంతా చెప్పక్కర్లేదు నాకు. ఊరిదేముంది, ఇవాళ ఒకటంటది, రేపొకటంటది. నేను తీశానని దానికెవరు చెప్పారో, అది ఎప్పుడు చూసిందో, అది నాకు చెప్పాలి. నా మొహం చూసి చెప్పాలి. అదొక్కటే కావాల్సింది."

అలా పత్తి అయిపోయింది, మిరపకోతలు వచ్చాయి. అమ్మ వేరే ముఠాలో చేరింది. నెలనెలా పళ్ళెం వస్తోంది, అమ్మ దాటిస్తోంది. ఈ మధ్యలో అమ్మ చిక్కిపోయింది. పాస్టరు గారికి గాని, పెద్దగారికి గాని, ఒక్కసారైనా వచ్చి ఏమ్మా ఏమైందీ అని అడగాలనిపించలేదు. వాళ్ళకి తీరిక లేదు. కొత్త మందిరానికి టైల్స్ ఎంచుకుంటున్నారు.

కొత్త మందిరం ప్రతిష్ఠ దగ్గరపడ్డాక పాస్టరు గారికి మా అమ్మ గుర్తొచ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ ఒక రైతు కల్లంలో ఉన్నాం. ఎండిన మిరపకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరడం పని. అమ్మకి తోడుగా నేనూ ఏరుతున్నాను. పాస్టరు గారు తెల్ల చొక్కా మీద ఒక్క మరక పడకుండా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, తుమ్ముకుంటూ వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కల్లంలో అడుగుపెట్టడం అదే మొదలనుకుంటా.

"వందనాలమ్మా" అన్నారు, తుమ్మి. "ప్రతిష్ఠకి గొప్ప దైవజనులు వస్తున్నారమ్మా. బల్ల కూడా వారి చేతులమీదుగానే. ఫోన్లో లైవ్ వెళ్తుంది, దుబాయిలో ఉన్నవాళ్ళు కూడా చూస్తారు. ఆ రోజు మన సంఘంలో ఎవరూ పళ్ళెం దాటించినట్టు కనపడకూడదు. బాగోదు. మీరిద్దరూ సమాధానపడాలి."

బాగోదట. అమ్మ ఇన్నాళ్ళూ తినకుండా ఉన్నందుకు కాదు, లైవ్‌లో బాగోదని!

అమ్మ చేతిలో కాయలు కింద పెట్టి లేచి నిలబడింది. "నాక్కావాల్సిందీ అదే అయ్యగారూ. సమాధానం."

"హల్లెలూయ! అంతేనా?"

"అంతేనండి. ఇంకేమీ వద్దు. దాని నోటి నుంచి సమాధానం వస్తే చాలు. ఇంట్లో అయినా సరే, అందరి ముందూ అయినా సరే."

"అందరి ముందే అమ్మా! స్టేజీ మీదే! దేవునికి మహిమ!" అని ఇంకో రెండు తుమ్ములు తుమ్మి, పొంగిపోతూ వెళ్ళిపోయారు.

తెలుగు మాట్లాడే లోకమంతటికీ సమాధానం అంటే జవాబు. ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు రాయండి అని నేను ప్రతి పరీక్షకీ పేపరు తయారుచేస్తాను. కాని మందిరం గడప దాటి లోపలికెళ్తే అదే మాటకి శాంతి అని అర్థం. సమాధానపడటం అంటే కొట్లాట మాని కలిసిపోవడం. పాస్టరు గారు పొద్దస్తమానం మందిరం లోపలే ఉంటారు కాబట్టి ఆయనకి ఆ ఒక్క అర్థమే తెలుసు. ఆయనకి విషయం విప్పి చెబుదామని నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టి కూచోబెట్టింది.

"ఆయన పొరబడ్డాడే. నువ్వడిగింది ఒకటి, ఆయన విన్నది ఒకటి" అన్నాను.

"తెలుసులేవే. ఆయన ఏదనుకుంటే అదనుకోనీ. దాన్ని నా ఎదురుగా నిలబెడతాడుగా, అది చాలు."

ప్రతిష్ఠ రోజు షామియానా వేశారు, రిబ్బన్లు కట్టారు. వచ్చిన దైవజనులకి, అంటే ఆ పెద్ద పాస్టరుకి, శాలువా మీద శాలువా కప్పుతుంటే ఆయన ఆ ఎండలో ఉడికిపోతూ నవ్వుతున్నారు. కీబోర్డు వాయించే అతను ఎవరు నోరు తెరిచినా వెనక నుంచి ఏదో ఒక ఏడుపు రాగం అందుకుంటున్నాడు. స్టాండుకి ఫోను బిగించారు. బల్లకి ముందు పాస్టరు గారు మైకందుకున్నారు. "ఈ రోజు మన సంఘంలో ఒక అద్భుతం జరగబోతోంది. ఇద్దరు సహోదరీలు మీ అందరి ముందూ సమాధానపడబోతున్నారు!" జనం చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ మా అరుగు దాటి పోయినవాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు.

ఆవిడ కొత్త మంగళగిరి చీర కట్టుకుని వచ్చింది. వస్తూనే అమ్మని కావిలించుకుంది. ముందే అనుకున్నట్టుంది, మొహం ఫోను వైపే ఉంది. మైకు తీసుకుని, "ఒకవేళ నా వల్ల ఎవరికైనా, ఎప్పుడైనా, ఏదైనా బాధ కలిగుంటే, ఒకవేళ, ప్రభువు నామంలో క్షమించమని వేడుకుంటున్నాను" అంది.

ఒకవేళ! ఛీ, ఆ మాట వింటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టుంటుంది. చేసిందేమిటో చెప్పకుండా, ఎవరికి చేసిందో చెప్పకుండా, అసలు చేసిందో లేదో కూడా తేలకుండా క్షమాపణ అయిపోవాలి. ఎవరికైనా, ఎప్పుడైనా, ఏదైనా! ఎదురుగా నిలబడ్డ మనిషికి పేరు లేదు, ఆ మనిషి తినకుండా దాటించిన రొట్టెకి లెక్క లేదు. మా సంఘంలో క్షమాపణలన్నీ ఇలాంటివే. అందుకే ఏడాదికోసారి మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది.

పాస్టరు గారు కళ్ళు తుడుచుకుని మైకు అమ్మ దగ్గర పెట్టారు. "అమ్మా, సమాధానమేనా?"

"ఇంకా రాలేదండి" అంది అమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

"సమాధానం ఇంకా రాలేదండి" అని, ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వదినా, నేను బియ్యం తీశానని నీకెవరు చెప్పారు?"

మైకులో ఆ మాట షామియానా చివరిదాకా వెళ్ళింది. దుబాయి దాకా కూడా వెళ్ళుంటుంది. చప్పట్లకి సిద్ధంగా చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. దైవజనులు ఎందుకో తన పుస్తకంలో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. సంఘ పెద్ద చేత్తో సైగ చేశాడు. మైకు ఆగిపోయింది, కీబోర్డు హోరెత్తింది. ఒక మనిషి నిజం అడిగితే వెంటనే సంగీతం పెట్టాలని ఆ అబ్బాయికి ఎవరు నేర్పారో గాని, బాగానే నేర్పారు.

నేను ముందు వరసలో, వాళ్ళిద్దరికీ చేరువగా ఉన్నాను. అందుకే ఆ హోరులో కూడా నాకు వినపడింది. అమ్మ చెయ్యి వదల్లేదు. "చెప్పు వదినా. ఎవరు చెప్పారు?"

ఆవిడ పెదాలు కదిలాయి. "ఎవరూ చెప్పలేదు."

"పోనీ నువ్వు చూశావా?"

"లేదు."

"మరి?"

ఆవిడ ఇప్పుడు నిజంగా ఏడుస్తోంది. ముక్కు కారుతోంది, ఫోనెక్కడుందో కూడా గుర్తులేదు. "అందరూ నీ అరుగు మీదికే వస్తున్నారు వదినా. పెద్దగారి పెళ్ళాన్ని, నా గుమ్మం తొక్కేవాళ్ళు లేరు. అంతే. ఇంకేం లేదు. నీ డ్రమ్ము నాకొస్తే నా దగ్గరికొస్తారనుకున్నా. బియ్యం పారబోసి పోతున్నారు గాని, ఒక్కత్తీ కూర్చోట్లా."

అమ్మ తన కొంగుతో ఆవిడ ముక్కు తుడిచింది. "సరే పద, కూర్చుందాం" అంది. ఇద్దరూ వచ్చి నా పక్కనే కూర్చున్నారు. పళ్ళెం వచ్చింది. అమ్మ రొట్టె తీసుకుంది, తిన్నది. జనానికి మాటలు వినపడలేదు, ఏడుపులు మాత్రం కనపడ్డాయి. అందుకని వాళ్ళూ ఏడ్చారు. "చూశారా సమాధానం!" అని పాస్టరు గారు మళ్ళీ మైకు పెట్టించుకుని అరిచారు.

నాకు అక్కడే లేచి చెప్పెయ్యాలనిపించింది. దొంగ అన్న మాట ఊరంతా విన్నది. కాదు అన్న మాట ముగ్గురమే విన్నాం. ఇదేం న్యాయం? అదే అమ్మతో అంటే, "నాకు వినపడిందిగా" అంది, అరిగిపోయిన చెప్పులు వెతుక్కుంటూ.

అక్కడితో ఆగినా బాగుండేది. తర్వాతి ఆదివారం, దేవుడు తమకి చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, ఆవిడ లేచి నిలబడింది. వారమంతా ఊళ్ళోవాళ్ళు ఆ మైకులో మాట గురించే గుచ్చి గుచ్చి అడిగుంటారు. కళ్ళు మూసుకుని, చేతులెత్తి, "నన్ను నలుగురిలో నిలదీసిన వాళ్ళని, నన్ను అనుమానించిన వాళ్ళని, ప్రభువు కృపతో నేను మనస్ఫూర్తిగా క్షమించేశాను" అంది.

క్షమించేసిందట! ఆవిడ, మా అమ్మని!

సంఘమంతా ఆమెన్ అంది. నా పక్కనుంచి ఇంకో ఆమెన్ వినపడింది. తిరిగి చూద్దును కదా, మా అమ్మ. సగం కాదు, అలవాటు కొద్దీ కాదు, నిండుగా అంది.

మందిరం మలుపు తిరిగేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు. "నీకు సిగ్గుందా అసలు? ఎందుకన్నావ్ ఆమెన్? అది నిన్ను క్షమించడమేంటి? నువ్వేం చేశావని?"

"అరవకే, రోడ్డు మీద."

"అరుస్తా. చెప్పు."

అమ్మ నడుస్తూనే చెప్పింది. "దానికి నలుగురిలో తలెత్తుకోడానికి ఆ మాట కావాలే. అది చెప్పుకోకపోతే రేపు నా పక్క సాలు పట్టుకోడానికి దానికి మొహం చెల్లదు."

"చెల్లకపోతే పోయె!"

"నీకు పోయె" అంది అమ్మ. "నాకు పోదు."

మర్నాడు బడికి సెలవు. ఊళ్ళోనే ఉండిపోయాను. పొద్దున్నే ముఠా ఆటో హారన్ మోగింది. ఆవిడ మా గుమ్మం ముందు క్యారేజీ పట్టుకుని నిలబడి, "వదినా, ఎంతసేపే, ఎండెక్కుతోంది!" అని కేకేసింది. నేను వసారాలో పళ్ళు తోముకుంటున్నాను. నన్ను చూసి, "వందనాలమ్మాయ్, ఎప్పుడొచ్చావ్?" అంది, నిన్న మందిరంలో నన్ను చూడనట్టే. నేను పలకలేదు. నోట్లో నురగ ఉంది, అది ఊసి కూడా పలకలేదు.

అమ్మ తలగుడ్డ చుట్టుకుంటూ చిన్నపిల్లలా పరుగెత్తింది. ఆటో నిండా జనం, చోటు లేదు. ఆవిడ జరిగి, అమ్మ నడుం పట్టుకుని లోపలికి లాగి, తన ఒళ్ళో సగం కూర్చోబెట్టుకుంది. ఆటో కదిలింది. ఇద్దరూ అప్పుడే దేనికో పడీ పడీ నవ్వుతున్నారు. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.